థీసిస్ చివర ‘వీటా’ అనే పేజీ అడుగుతున్నారు: అది సీవీయేనా, వేరేదా?

కొత్తచదువరి:

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగులో పీహెచ్‌డీ ముగింపు దశలో ఉన్నాను. మా విశ్వవిద్యాలయం ఇచ్చిన థీసిస్ నమూనాలో ఉపయుక్త గ్రంథసూచి కూడా అయిపోయిన తరువాత, అన్నిటికన్నా చివర, ‘వీటా’ అనే శీర్షికతో ఒక ఖాళీ పేజీ ఉంది. అందులో ఏమి రాయాలో నమూనాలో ఒక్క వాక్యమైనా లేదు. ఇదిలా ఉండగా, నేను అధ్యాపక ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నానని తెలిసి మా అడ్వైజర్ గారు ‘మీ తాజా వీటా పంపండి’ అని మెయిలు రాశారు. ఒకే మాట రెండు చోట్ల రెండు వేర్వేరు వస్తువులను సూచిస్తున్నట్టు అనిపిస్తోంది.

మా ప్రయోగశాలలో ఒకరు దీనిని ‘వైటా’ అని పలుకుతారు, మరొకరు ‘నా వీటే’ అని రాస్తారు. మన వైపు ఉద్యోగానికి రెజ్యూమె, పెళ్లి సంబంధానికి బయోడేటా, కాలేజీలో లెక్చరర్ పోస్టుకు సీవీ అనే అలవాటు ఉంది గనుక, ఈ నాలుగో మాట ఎక్కడ ఇముడుతుందో తెలియడం లేదు. థీసిస్ గ్రంథాలయంలో శాశ్వతంగా ఉండిపోయేది కాబట్టి, ఆ పేజీ మీద ఏదో ఒకటి నింపేయడం నాకు ఇష్టం లేదు. పదానికి అసలు అర్థం, వాడుక, ఆ పేజీలో రాయవలసిన విషయం తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పదమూలం:

ముందుగా పదం సంగతి చూద్దాం. లాటిన్‌లో ‘వీటా’ అంటే జీవితం. ‘కరిక్యులమ్ వీటే’ అనే పూర్తి పదబంధంలో మొదటి మాట, పరుగెత్తడం అనే అర్థమున్న ‘కుర్రెరె’ అనే క్రియ నుంచి వచ్చింది. పరుగు, పందెం, పందెపు బాట, ఆ బాట మీద పరుగెత్తే రథం కూడా ఆ మాటకు అర్థాలుగా ఉండేవి. రెండవ మాట ‘వీటే’ అనేది ‘వీటా’కు షష్ఠీ విభక్తి రూపం. బడిలో మనమందరం ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్’ అని వల్లె వేసిన విభక్తి అదే. అంటే మొత్తం పదబంధానికి ‘జీవితం యొక్క గమనం’ అని అర్థం.

ఇది తెలిస్తే మీ సహాధ్యాయి ‘నా వీటే’ అనడంలో ఇబ్బంది ఎక్కడుందో అర్థమవుతుంది. ఆ మాట ఒంటరిగా నిలబడితే ‘నా జీవితం యొక్క’ అని చెప్పి ఆగిపోయినట్టు ఉంటుంది. అదే రూపం ప్రథమా విభక్తిలో బహువచనం కూడా అవుతుంది గనుక, ఇంకొక విధంగా చదివితే ‘నా జీవితాలు’ అని అర్థం వస్తుంది. ఒక మనిషికి సంబంధించిన ఒక పత్రానికి ఏకవచనంలో ‘వీటా’ అనడమే సరైనది. అమెరికా విద్యారంగంలో ‘కరిక్యులమ్’ అనే మొదటి మాటను వదిలేసి, రెండవ మాటను మళ్లీ ప్రథమా విభక్తికి తెచ్చి, ‘వీటా’ అని పొట్టిగా వాడుతున్నారు. పూర్తి పదబంధానికి బహువచనం కావాలంటే ‘కరిక్యులా వీటే’ అనాలి. పాఠ్యప్రణాళిక అనే అర్థంలో మనకు తెలిసిన ‘కరిక్యులమ్’ కూడా ఈ పరుగుబాటే. విద్యార్థి మొదటి నుంచి చివరి వరకు సాగించవలసిన చదువు మొత్తాన్ని ఆ మాటతో సూచించడం 1633 నాటికే గ్లాస్గో విశ్వవిద్యాలయ పత్రాలలో కనిపిస్తుంది.

రోమన్ వక్త సిసెరో క్రీస్తుపూర్వం 63లో రబీరియుస్ అనే వృద్ధుడి తరఫున వాదిస్తూ, ప్రకృతి మనకు గీసి ఇచ్చిన ‘వీటే కరిక్యులమ్’ చాలా చిన్నది, కీర్తి బాట మాత్రం హద్దులేనిది అన్నాడు. అప్పటికి అది ఉద్యోగానికి సమర్పించే కాగితం కాదు, ఆయుష్షు అన్న అర్థమే. పత్రం అనే అర్థం ఎన్నో శతాబ్దాల తరువాత వచ్చి చేరింది.

అయితే ‘వీటా’ అనే ఒంటి మాటకు జీవితవృత్తాంతం అనే అర్థం రోమన్ల కాలంలోనే ఉంది. టాసిటస్ సుమారు 98లో తన మామగారైన అగ్రికోలా మీద రాసిన పుస్తకమూ, రెండవ శతాబ్దంలో స్వెటోనియస్ రాసిన పన్నెండు మంది సీజర్ల చరిత్రలూ ఈ మాటను శీర్షికలోనే పెట్టుకున్నాయి. ఆ తరువాత క్రైస్తవ మహాత్ముల జీవితగాథలు ఈ పేరుతో ఒక ప్రత్యేక సాహిత్యశాఖగా పెరిగాయి. నాలుగవ శతాబ్దంలో ఈజిప్టు ఎడారి తపస్వి ఆంటొనీ గురించి అథనేసియస్ గ్రీకులో రాసిన గాథ లాటిన్‌లోకి రావడంతో పడమటి దేశాలలో ఈ శాఖకు ఒక నమూనా దొరికింది. పుట్టుక, బాల్యం, మనసు మారిన ఘట్టం, సద్గుణాలు, మహిమలు, మరణం, మరణానంతర మహిమలు అనే వరుస చాలా కాలం నిలిచింది. తొమ్మిదవ శతాబ్దంలో ఐన్‌హార్డ్ చక్రవర్తి షార్లమేన్ జీవితాన్ని రాసినప్పుడు మాత్రం మహాత్ముల గాథల పద్ధతిని పక్కన పెట్టి స్వెటోనియస్ పద్ధతినే ఆదర్శంగా పెట్టుకున్నాడు.

ఆ పద్ధతి ఏమిటో మీకు నేరుగా పనికివచ్చే విషయం గనుక కొంచెం ఆగి చెబుతాను. అగస్టస్ జీవితం రాస్తూ స్వెటోనియస్ తొమ్మిదవ అధ్యాయంలో ఒక మాట అంటాడు: ఆయన జీవితాన్ని ముందు సంగ్రహంగా చెప్పాను, ఇక దాని భాగాలను కాలక్రమంలో కాకుండా విషయవిభాగాల వారీగా ఒక్కొక్కటే వివరిస్తాను. చదువు, ఉద్యోగాలు, ప్రచురణలు, బోధన, పురస్కారాలు అంటూ శీర్షికల కింద విడగొట్టే నేటి సీవీ సరిగ్గా ఈ రెండవ పద్ధతిలో నడుస్తుంది. మీ థీసిస్ చివరి పేజీ మొదటి పద్ధతిలో, అంటే కాలక్రమంలో సాగే చిన్న కథనంగా నడవాలి. రెండింటికీ ఒకే పేరు ఉన్నా, రెండూ జీవితవృత్తాంతాలే అయినా, కూర్పు వేరు. మీకు కలిగిన సందేహం న్యాయమైనదే.

ఉచ్చారణ గురించి అడిగారు. అమెరికాలో ‘వీటా’, ‘వైటా’ రెండూ వినిపిస్తాయి, దేనినీ తప్పు పట్టనవసరం లేదు. లాటిన్‌లో మాత్రం ఆ రెండవ హల్లు మన ‘త’కు దగ్గరగా ఉండేది, ఇటాలియన్లు ఈనాటికీ ‘వీతా’ అనే పలుకుతారు. ఇంగ్లీషు మీదుగా వచ్చింది కాబట్టి మన లిపిలో అది ‘ట’ అయింది. ఈ ‘వీతా’, మన ‘జీవితం’ ఒకే ఇండో యూరోపియన్ ధాతువు నుంచి పుట్టినవి. ‘వైవా’కు వెళ్లి వచ్చిన ప్రతి విద్యార్థి నోటా ఆ ధాతువే ఇంకొక రూపంలో పలుకుతూ ఉంటుంది, ఎందుకంటే ‘వైవా వోచె’ అంటే సజీవమైన గొంతుతో అని అర్థం.

గ్రంథాలయవాసి:

పదమూలం గారి వివరణ చదివి చాలా సంతోషించాను. నేను అమెరికాలోనే ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తున్నాను, థీసిస్‌లు స్వీకరించే బల్ల నా పక్కనే ఉంటుంది. అందుచేత ఆ చివరి పేజీ ఎందుకు ఉంది, అందులో ఏముండాలి అన్న సంగతి నేను చెబుతాను.

ఈ ఆచారం జర్మనీ విశ్వవిద్యాలయాలది. పందొమ్మిదవ శతాబ్దంలో అక్కడి డాక్టరేట్ విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం చివర ‘వీటా’ అనే శీర్షిక కింద, చాలా సందర్భాలలో లాటిన్‌లోనే, ఉత్తమ పురుషలో తన వృత్తాంతం రాసుకునేవాడు. ఫలానా రోజున ఫలానా ఊరిలో పుట్టాను, నా తండ్రి ఫలానా, నేను ఫలానా మతశాఖకు చెందినవాడిని, ఈ బడిలో చదివాను, ఈ విశ్వవిద్యాలయాలలో ఈ ఆచార్యుల ఉపన్యాసాలు విన్నాను, వారందరికీ కృతజ్ఞుడిని అని అందులో ఉండేది. ఎవరి వద్ద చదివారో చెప్పడం అందులో ముఖ్యమైన భాగం, ఎందుకంటే ఆనాటి జర్మన్ విద్యార్థులు ఒకే చోట ఉండకుండా ఆచార్యులను వెతుక్కుంటూ ఊరూరా తిరిగేవారు. 1876లో ప్రారంభమైన జాన్స్ హాప్‌కిన్స్ వంటి అమెరికన్ సంస్థలు జర్మన్ పరిశోధక విశ్వవిద్యాలయాన్ని ఆదర్శంగా తీసుకున్నప్పుడు సెమినార్, పీహెచ్‌డీలతోపాటు ఈ పేజీ కూడా సముద్రం దాటి వచ్చింది. జర్మన్‌లో సీవీకి వాడే ‘లేబెన్స్‌లౌఫ్’ అనే మాటకు కూడా జీవితపు పరుగు అనే అర్థం.

అమెరికాలో ఆ పేజీ క్రమంగా ప్రథమ పురుషలోకి మారి కుదించుకుపోయింది. ఇరవయ్యవ శతాబ్దపు థీసిస్‌లు తీసి చూస్తే పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, హైస్కూలు పేరు, శాశ్వత చిరునామా, ఆఖరికి థీసిస్‌ను టైపు చేసినదెవరో కూడా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఆ ప్రతి ఒక బీరువాలో ఉండేది, దానిని తెరిచే చేతులు కొద్ది. ఇప్పుడు మీ థీసిస్ విశ్వవిద్యాలయ డిజిటల్ భాండాగారంలోకి, చాలా సందర్భాలలో ప్రోక్వెస్ట్ అనే థీసిస్‌ల డేటాబేసులోకి చేరుతుంది, మీ పేరు వెతికిన వారెవరైనా ఆ చివరి పేజీని చూడగలుగుతారు. పుట్టిన తేదీ, చిరునామా, ఫోను నంబరు, తల్లి పేరు వంటివి గుర్తింపు దొంగతనానికి ముడిసరుకు. కాబట్టి పాత థీసిస్‌లను చూసి వాటిని అనుకరించవద్దని గట్టిగా చెబుతున్నాను. కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ పేజీని ఐచ్ఛికం చేశాయి, మీ గ్రాడ్యుయేట్ స్కూలు నిబంధన ఒకసారి చూసుకోండి.

మీ అడ్వైజర్ గారు అడిగింది వేరు. వారికి కావలసింది పూర్తి సీవీ. దానికి పేజీల పరిమితి లేదు, ప్రతి ప్రచురణ, ప్రతి సదస్సు పత్రం, బోధించిన ప్రతి కోర్సు, పొందిన ప్రతి గ్రాంటు అందులో ఉండాలి, సంవత్సరాలు గడిచే కొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. రెజ్యూమె అంటే ఫ్రెంచిలో సంగ్రహం అని అర్థం, పేరుకు తగినట్టే అది ఒకటి రెండు పేజీలలో ఒక నిర్దిష్టమైన ఉద్యోగానికి తగిన అంశాలను మాత్రమే ఏరి చూపుతుంది. బ్రిటన్‌లో ఈ రెండవ దానిని కూడా సీవీ అనే అంటారు గనుక, లండన్‌లో ఉన్న మన బంధువులు చెప్పే సలహాను అమెరికాలో యథాతథంగా పాటిస్తే పొరపాటు జరుగుతుంది. బయోడేటా అనేది గ్రీకు ‘బయోస్’, లాటిన్ ‘డేటా’ కలిసి ఏర్పడిన మాట. మన దేశంలో అది పుట్టిన తేదీ, తండ్రి పేరు, వైవాహిక స్థితితో మొదలవుతుంది. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం మతం, జాతి, లింగం వంటివి చూసి ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని, 1967 నాటి చట్టం నలభై ఏళ్లు దాటినవారి పట్ల వయోవివక్షను నిషేధించాయి. అందుచేత అటువంటి వివరాలను, ఫొటోను దరఖాస్తులో కోరరు, పెట్టకూడదు కూడా. జర్మనీలో ఫొటో పెట్టడం చాలా కాలం మామూలు ఆచారంగా ఉండి, 2006 నాటి సమానత్వ చట్టం తరువాతనే తగ్గుముఖం పట్టింది.

కొత్తచదువరి:

పదమూలం గారికీ, గ్రంథాలయవాసి గారికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినది చదవక ముందు నేను రాసి పెట్టుకున్న ముసాయిదాను తెలుగులో ఇక్కడ ఉంచుతున్నాను. ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో చెప్పండి.

‘రచయిత్రి 1996 జూన్ 14న గుంటూరు జిల్లా తెనాలిలో జన్మించారు. తండ్రి విశ్రాంత ఉపాధ్యాయులు, తల్లి గృహిణి. పదవ తరగతిలో పాఠశాల ప్రథమురాలు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు సాధించారు. 2017లో జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కళాశాల నుంచి బీటెక్ ప్రథమ శ్రేణిలో, 2019లో ఎన్‌ఐటీ వరంగల్ నుంచి ఎంటెక్ పూర్తి చేశారు. రెండేళ్లు హైదరాబాదులో ఒక నిర్మాణ సంస్థలో పనిచేశారు. 2021లో పీహెచ్‌డీలో చేరారు. వివాహిత. పై వివరాలన్నీ నాకు తెలిసినంత వరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను.’

గ్రంథాలయవాసి:

అమ్మా, దీనికి పెద్ద మరమ్మతు అవసరం లేదు. చివరి ధ్రువీకరణ వాక్యం మన దరఖాస్తు ఫారాల నుంచి వచ్చింది, ఇక్కడ దానికి చోటు లేదు, సీవీలో కూడా వద్దు. జన్మతేదీ, వివాహిత అన్న మాట తీసివేయండి. తెనాలి పేరు ఉంచుకోవాలని మీకు ఉంటే ఉంచుకోండి, ఊరి పేరు వల్ల నష్టం లేదు, ఎక్కడి నుంచి బయలుదేరారో చెప్పే హక్కు ఈ పేజీ మీకు ఇస్తోంది. తల్లిదండ్రుల ప్రస్తావన కృతజ్ఞతల పేజీలో మరింత శోభిస్తుంది.

ఎంసెట్ ర్యాంకు మన రెండు రాష్ట్రాలలో ఎంత గొప్పదైనా బయటి పాఠకుడికి దానిని కొలిచే గీటురాయి లేదు, పదవ తరగతి ప్రథమస్థానమూ అంతే. వాటి చోటును పరిశోధనకు ఇవ్వండి. నిర్మాణ సంస్థలో మీరు చూసిన పని ఏమిటి? అది పునాదుల పనో, నేల పరీక్షల పనో అయి, అక్కడ ఎదురైన ప్రశ్నే మిమ్మల్ని పీహెచ్‌డీకి నడిపించి ఉంటే, ఆ ఒక్క వాక్యం మిగతా అన్ని వాక్యాలకన్నా విలువైనది. కాలక్రమంలో చెప్పడానికి ప్రయోజనం అదే, ఒక మెట్టు తరువాత ఇంకొక మెట్టు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. ‘బీటెక్’ అని కాకుండా ‘బ్యాచిలర్ ఆఫ్ టెక్నాలజీ’ అని పూర్తిగా రాయండి. ‘అనుబంధ కళాశాల’ అని ఊరుకోకుండా కళాశాల పేరు కూడా ఇవ్వండి, పట్టా ఇచ్చింది విశ్వవిద్యాలయమైనా చదువు చెప్పింది కళాశాల.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త అవసరం. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు పొట్టి అక్షరంగా మిగిలి, పెట్టిన పేరే ఇంటిపేరు గడిలో కూర్చుంటుంది. థీసిస్ ముఖపత్రం మీద, ప్రచురించిన పత్రాలలో, సీవీలో, ఈ వీటా పేజీలో పేరు అక్షరం తేడా లేకుండా ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే ఇద్దరు వేర్వేరు మనుషులుగా గ్రంథసూచికలలో నమోదవుతారు, అది తరువాత సరిచేయడం చాలా కష్టం.

గద్యపద్య:

ఆలస్యంగా చేరుతున్నందుకు మన్నించండి. గ్రంథం చివర తన వృత్తాంతం చెప్పుకునే ఆచారం జర్మనీ నుంచి వచ్చిందన్నారు గాని, అది మన కవులకు బాగా తెలిసినదే. మన కావ్యాలలో ప్రతి ఆశ్వాసం చివర ఉండే గద్యలో కవి తన తండ్రి పేరు, తన పేరు, తనకు అబ్బిన విశేషం చెప్పుకుంటాడు. పోతన గద్యలో పరమేశ్వర కరుణ, కేసన మంత్రి కుమారుడు కావడం, సహజపాండిత్యం, గ్రంథం పేరు వరుసగా వస్తాయి. తిక్కన తనను ఉభయకవిమిత్రుడని, కొమ్మనామాత్యుని పుత్రుడని చెప్పుకున్నాడు. తండ్రి ఎవరు, తాను ఎవరు, తనకు ఏమి వచ్చు అన్న మూడు ముక్కలూ అందులో ఉన్నాయి కదా?

మరొక సంగతి. మీరందరూ లాటిన్‌లో పరుగుబాట అన్నారు. మన ‘బతుకుతెరువు’లో ‘తెరువు’ అంటే దారే. ‘చరిత్ర’కు మూలమైన ‘చర్’ ధాతువుకు కూడా నడవడం అనే అర్థం. పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు మల్లికార్జున పండితారాధ్యుడి జీవితాన్ని ద్విపదలో చెప్పి దానిని ‘చరిత్ర’ అనే పిలిచాడు. అందుచేత ఈ పేజీని తెలుగులో ‘చరితం’ అనవచ్చునని నా అభిప్రాయం.

పదమూలం:

గద్యపద్య గారూ, మీ పోలిక నాకు చాలా నచ్చింది, అయితే ఒక చోట విభేదిస్తాను. ఆశ్వాసాంత గద్య ఈ గ్రంథం నాది అని ముద్ర వేసేది. అందులో బిరుదులు, వంశం ఉంటాయి గాని గమనం ఉండదు, ఎక్కడ చదివి ఎక్కడికి వెళ్లాడో అది చెప్పదు. వీటాకు దగ్గరగా వచ్చేది కావ్యం మొదట అవతారికలో వచ్చే కవివంశ వర్ణన. దానికీ దీనికీ కూడా తేడా ఉంది, ఎందుకంటే అక్కడ కథ తాతముత్తాతలతో నడుస్తుంది, ఇక్కడ మనిషి తన చదువుతో నడుస్తాడు. ‘చర్’, ‘కుర్రెరె’ అర్థంలో పొరుగువే గాని ఒకే ధాతువు నుంచి పుట్టినవి కావని కూడా చెప్పాలి. ‘చర్’కు లాటిన్‌లో బంధువు ‘కొలెరె’, దాని నుంచే ‘కల్చర్’ అనే మాట వచ్చింది.

తెలుగు పేరు సంగతి. ‘చరితం’ అనగానే మన పాఠకుడికి మహాపురుషుడి గాథ తోస్తుంది, విద్యార్థి రాసుకునే అరపేజీకి అది బరువైన మాట. పత్రికలలో, పుస్తకాల అట్టల వెనుక ఇప్పటికే వాడుకలో ఉన్న ‘రచయిత్రి పరిచయం’ అనే మాట నాకు ఎక్కువ సహజంగా తోస్తోంది. పూర్తి సీవీని ‘సీవీ’ అనే ఉంచేయడం మేలు, దానిని తెలుగు చేసినా ఎవరూ వాడరు.

కొత్తచదువరి:

అందరికీ మరొకసారి కృతజ్ఞతలు. నిర్మాణ సంస్థలో నేను చూసింది నల్లరేగడి నేలలో వేసిన పునాదుల పని. వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో బీటలు తీసే ఆ నేల గోడలను ఎలా చీలుస్తుందో అక్కడే చూశాను, నా సిద్ధాంత వ్యాసం కూడా ఆ మట్టి గురించే. ఆ వాక్యాన్ని ఎంటెక్‌కూ పీహెచ్‌డీకీ నడుమ చేర్చి, జన్మతేదీ, ర్యాంకు, ధ్రువీకరణ తొలగించి, పేరు వరుసను నా రెండు జర్నల్ పత్రాలతో సరిపోల్చాను. మా గ్రాడ్యుయేట్ స్కూలు నిబంధనల ప్రకారం ఈ పేజీ ఐచ్ఛికమేనని తేలింది. అయినా ఉంచుతున్నాను. అడ్వైజర్ గారికి ఈ రాత్రే సీవీ పంపుతాను, ఆ ఫైలుకు ‘వీటే’ అని కాకుండా ‘వీటా’ అనే పేరు పెట్టాను.